పదకొండేళ్లు ఆడాను, నేర్చుకోలేదు

(పెద్దవయసులో టెన్నిస్ మొదలుపెట్టిన వాళ్ల కోసం సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో, కాలనీ కోర్టు పక్క హాల్లో ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ ఆ ముందు బెంచీని మాత్రం ఏనాడూ నింపలేకపోయాను. ఇవాళ కూడా అంతేలా ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కోచ్‌ని కాను. ఏ టోర్నమెంటూ గెలవలేదు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. షుగర్ వచ్చేలా ఉంది, ఏదో ఒకటి ఆడవయ్యా అని డాక్టరు గారంటే ముప్పై ఎనిమిదో ఏట రాకెట్ పట్టాను. ఇప్పుడు అరవై మూడు. మరి నన్నెందుకు పిలిచారు? బహుశా టెన్నిస్ ఎన్ని రకాలుగా తప్పు నేర్చుకోవచ్చో అన్ని రకాలుగానూ నేర్చుకున్నవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే కాబట్టి.

మొదటి పదకొండేళ్లు నేను రోజూ ఆడాను. రోజూ అంటే రోజూ. పొద్దున ఆరింటికి కోర్టులో ఉండేవాణ్ని. అప్పట్లో అది మట్టి కోర్టు. రాత్రి నీళ్లు కొట్టి, తెల్లవారుజామున రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీసి ఉంచేవారు. వానపడితే మూడు రోజులు సెలవు. మిగతా రోజులన్నీ హాజరు. నలుగురం, డబుల్స్, రెండు సెట్లు, ఆ తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. షుగర్ గురించి మొదలుపెట్టిన ఆట అక్కడికొచ్చి ఆగింది. నవ్వకండి, మీలో సగంమంది అదే పని చేస్తున్నారని నాకు తెలుసు.

మా దగ్గర ఒక మార్కర్ ఉండేవాడు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా, మార్కర్ అంటే మెంబర్లతో బంతి ఆడించేవాడు, నలుగురిలో ఒకరు రాకపోతే ఆ చోట్లో నిలబడేవాడు. పాలమూరు నుంచి కుర్రాడిగా ఉన్నప్పుడే వచ్చాడు, బాల్ బాయ్‌గా చేరి ఆట నేర్చుకున్నాడు. పాయింటు మొదలుపెట్టే దెబ్బ సర్వ్, అది తప్పితే ఇంకో అవకాశం ఇస్తారు, అదే రెండో సర్వ్. ఒకరోజు ఓడిపోయి కూర్చుని, ఎవరితోనూ కాదు, గాలితోనే అన్నట్టు అన్నాను: "ఇన్నేళ్లు ఆడినా ఈ రెండో సర్వ్ ఇంతేనా?" అతను నెట్ వదులు చేస్తూ, నావైపు కూడా చూడకుండా అన్నాడు: "సార్, పదకొండేండ్ల సంది జూస్తున్న. ఆడుతనే ఉన్నరు. నేర్సుకుంటలేరు."

కోపం వచ్చింది. ఎందుకు రాదు? నేను లెక్చరర్ని. నాకొకడు నేర్చుకోవడం గురించి చెప్పడమా? ఇంటికెళ్లాక కూడా ఆ మాట వదల్లేదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. మర్నాడు ఆదివారం దాన్ని కోర్టుకి తీసుకెళ్లి నోట్‌బుక్ ఇచ్చి కూర్చోబెట్టాను. "నాన్న ఏ షాట్ ఎన్నిసార్లు కొడతాడో గీతలు పెట్టు" అన్నాను. గంటన్నర ఆడాం. లెక్క చూస్తే బ్యాక్‌హ్యాండ్, అంటే చేతి వెనకవైపుతో కొట్టేది, తొమ్మిది. వాలీలు, అంటే బంతి నేల తాకకముందే కొట్టేవి, ఆరు. రెండో సర్వ్ పదకొండు. అంతే!

గంటన్నరలో తొమ్మిది బ్యాక్‌హ్యాండులు. వాటిలో నాలుగు నెట్‌లోకి. చెప్పండి, ఒక పిల్లవాడు రోజుకి తొమ్మిది లెక్కలు చేసి, అందులో నాలుగు తప్పు చేసి, ఎందుకు తప్పయిందో చూసుకోకుండా పుస్తకం మూసేస్తే ఎప్పటికి పాసవుతాడు? పైగా ఆ తొమ్మిది కూడా తప్పించుకోలేక కొట్టినవే. బ్యాక్‌హ్యాండ్ వైపు బంతి వస్తే ఏం చేసేవాణ్నో తెలుసా? గుడిచుట్టూ ప్రదక్షిణం చేసినట్టు దాని చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్‌తో, అంటే అరచేతి వైపుతో, కొట్టేవాణ్ని. పాయింటు వచ్చేది. పాయింటు వచ్చింది కాబట్టి అదే తెలివి అనుకునేవాణ్ని. ఆటలో మనకి రానిదాన్ని దాచిపెట్టుకుంటేనే లాభం. నేర్చుకోవాలంటే దాన్ని బయటపెట్టాలి. రెండూ ఒకే గంటలో కుదరవు. నేనివాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీనికి ఉదాహరణలే.

సరే, రెండో సర్వ్. ఆ బోర్డు ఇటు జరపండి బాబూ. చాక్‌పీస్ ఉందా? ఉంది. థాంక్స్.

ఇది బేస్‌లైన్, సర్వ్ చేసేవాడు నిలబడే గీత. ఇది నెట్. మధ్యలో 39 అడుగులు. నెట్ అవతల సర్వీస్ లైన్, అంటే సర్వ్ దాటి పడకూడని గీత, దాకా 21 అడుగులు. మొత్తం 60. నెట్ ఎత్తు మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. ఇప్పుడు బంతి సరళరేఖలో వెళ్తుందనుకుందాం, నెట్‌ని రాసుకుంటూ వెళ్లి సరిగ్గా సర్వీస్ లైన్ మీద పడిందనుకుందాం. ఇవి సరూప త్రిభుజాలు. పదో తరగతి. ఎవరు చెప్తారు? అక్కడ బంతి ఎంత ఎత్తులో మొదలవ్వాలి? 21 అడుగులకి 3 అడుగులైతే 60 అడుగులకి? శభాష్. ఎనిమిదిన్నర పైచిలుకు, 8.57. సర్వ్ ఏటవాలుగా వెళ్తుంది కదా అంటారు, నిజమే, గీత కొంచెం సాగుతుంది గానీ నిష్పత్తి పెద్దగా మారదు.

నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. రాకెట్ పొడవు 27 అంగుళాలు. నేను చెయ్యి పూర్తిగా ఎత్తి రాకెట్ నిలబెడితే తీగల మధ్యభాగం ఎక్కడుంటుంది? మా గోడ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి కొలిచాను. ఎనిమిదిన్నరకి అటూ ఇటూ. అంటే నేను ఎంత బాగా సాగి కొట్టినా, బంతి తిన్నగా పోయిందంటే, నెట్‌నీ గీతనీ రెంటినీ ఒకేసారి రాసుకుని పోవాలి. సందు సున్నా! మరి లోపల ఎలా పడుతోంది? భూమి లాగుతోంది కాబట్టి. భూమి లాగడానికి వ్యవధి కావాలి. వ్యవధి ఇవ్వాలంటే మెల్లగా కొట్టాలి. అందుకే మనందరి రెండో సర్వ్ అలా అయిపోయింది, తాంబూలంలో పెట్టి ఎదుటివాడి ఫోర్‌హ్యాండ్‌కి అందించినట్టు. అది మన పిరికితనం అనుకుంటాం. కాదండీ, జ్యామితి. గట్టిగా కొట్టినా లోపల పడాలంటే బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరగాలి, టాప్‌స్పిన్ ఉండాలి. అలా తిరిగే బంతిని గాలే కిందకి దింపుతుంది. నెట్‌కి రెండు మూడడుగుల పైనుంచి పోయి, వంగి, లోపల పడుతుంది.

ఈ లెక్క వేసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్లుగా అసాధ్యమైన పని చేస్తున్నానన్నమాట, కాకపోతే మెల్లగా చేస్తున్నాను.

మర్నాడు వెళ్లి మార్కర్‌ని అడిగాను. "నేర్పుతావా?" అన్నాను. "నేర్పుత సార్. కానీ నాలుగు నెలలు మీరు ఓడిపోతరు. ఒప్పుకుంటరా?" అన్నాడు. ఓడిపోవడం నాకేం కొత్త అనుకున్నాను. అతను చెప్పిన ఓటమి ఏమిటో అప్పుడు తెలీదు.

రాకెట్ ఇలా ఇవ్వండి. ఇదిగో చూడండి. పిడికి ఎనిమిది పలకలుంటాయి, గుండ్రం కాదు. నేను సర్వ్ చేసేటప్పుడు ఇలా పట్టుకునేవాణ్ని, రాకెట్ ముఖం ఎదురుగా, అట్లు తిరగేసే అట్లకాడ పట్టుకున్నట్టు. ఇక్కడ చాలామంది ఇలాగే పడతారు. మీరు కూడా... నేను చూశాను మాస్టారూ, నిన్న పొద్దున. అట్లకాడ పట్టుతో బంతిని తొయ్యగలం, తిప్పలేం. కావలసింది సుత్తి పట్టు. మేకు కొట్టేటప్పుడు సుత్తి ఎలా పడతాం? అంచు ముందుకుంటుంది. దీన్ని కాంటినెంటల్ గ్రిప్ అంటారు. అంచుతో బంతివైపుకి వెళ్తే బంతిని అంచుతోనే కొడతాం కదా అని అడుగుతారు. అక్కడే ఉంది కిటుకు. చివరి క్షణంలో ముంజేయి తిరుగుతుంది. తాటాకు విసనకర్ర విసిరారా ఎప్పుడైనా? మణికట్టు ఊపితే అయిదు నిమిషాల్లో నొప్పి పుడుతుంది. మా నాయనమ్మ ముంజేయి అటూ ఇటూ తిప్పేది అంతే, గంటసేపు విసిరేది. అదీ ఆ కదలిక. నాకు ఆ మార్కర్ ఎన్నో రకాలుగా చెప్పాడు, ఎక్కలేదు. నాయనమ్మ విసనకర్ర గుర్తొచ్చిన రోజు ఎక్కింది.

మొదటిరోజు సుత్తి పట్టుతో అరవై సర్వ్‌లు కొట్టాను. లోపల పడ్డవి ఆరో ఏడో. మిగతావన్నీ ఎడమ పక్క కోర్టులోకి. అక్కడ ఆడుతున్న రైల్వే రిటైర్డ్ పెద్దాయన ఒకాయన, అప్పటికే ఆయనకి అరవై ఎనిమిది, నా బంతులు ఏరి తిరిగి విసురుతూ "ఏమయ్యా మాస్టారూ, సర్వ్ నాకా, మీవాళ్లకా?" అన్నాడు. అంతకుముందు ఆయన్ని నేను ఓడించేవాణ్ని. ఆ నాలుగు నెలల్లో ఆయన చేతిలో ఎన్నిసార్లు ఓడిపోయానో మా అమ్మాయి నోట్‌బుక్‌లో కూడా చోటు చాలదు. ఒక గేమ్‌లో నాలుగు డబుల్ ఫాల్టులు, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు ఎదుటివాళ్లకి పోవడం. ఎదుటివాళ్లు రాకెట్ కదపకుండానే గేమ్ గెలిచారు. నా పార్ట్‌నర్ ఏమీ అనలేదు, బంతుల డబ్బా మూత తీసి పెట్టి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు నుంచి అతనికి ఏదో పని పడింది, వేరేవాళ్లతో ఆడుకున్నాడు.

మనలో మార్పు ఎక్కడ ఆగిపోతుందో తెలుసా? సరిగ్గా అక్కడ. మూడో వారంలో. పాత పట్టుతో గెలిచే సర్వ్ ఒకటి జేబులోనే ఉంటుంది. 30–40 మీద ఉన్నాం, ఎదుట ఆ పెద్దాయన నవ్వుతున్నాడు, "ఈ ఒక్క పాయింటుకే" అని చెయ్యి అట్లకాడలోకి జారిపోతుంది. ఆ పాయింటు గెలుస్తాం కూడా. ఇక మళ్లీ ఒకటో తారీఖుకి వచ్చినట్టే. అందుకని ఏం చేశానంటే, పిడి మీద సుత్తి పట్టులో చూపుడువేలి కణుపు ఆనే పలక మీద, మా అమ్మాయి గోళ్ల రంగుతో చుక్క పెట్టించాను. బంతి ఎగరేసే ముందు చుక్క చూసుకునేవాణ్ని. ఎర్రరంగు. క్లబ్బులో దానికి చాలా పేర్లు పెట్టారు.

ఇక టాస్. అంటే సర్వ్‌కి ముందు బంతి ఎగరెయ్యడం. ఇది మన చేతిలో ఉన్నది. అక్షరాలా. ఆటలో మిగతా ప్రతి బంతినీ ఎదుటివాడు ఇస్తాడు, ఇదొక్కటే మనకి మనం ఇచ్చుకునేది. అయినా దీన్నే అందరికన్నా అధ్వాన్నంగా ఇచ్చుకుంటాం. నిండు గ్లాసు తొణకకుండా పైకెత్తినట్టు ఎత్తాలి, మోచెయ్యి వంచకుండా, కంటి ఎత్తులో వదిలెయ్యాలి. బంతి చేతిలో తిరగకూడదు. నేను ఇది మేడమీద నేర్చుకున్నాను. మా ఆవిడ ముగ్గు పిండితో భోజనం పళ్లెం అంత చుట్టు గీశాను. బేస్‌లైన్ అనుకున్న గీతకి అడుగు ముందు. రోజూ సాయంత్రం వంద. కొట్టడం లేదు, వదిలెయ్యడమే, చుట్టులో పడిందా లేదా. మొదటిరోజు 23 పడ్డాయి. వాచ్‌మన్ రెండు రోజులు చూసి మూడోరోజు అడిగాడు, "సార్, ఎగరేస్తున్నరు గానీ కొడ్తలేరు, రాకెట్ ఇరిగిందా?" అని. పైవాటా ఆవిడ వడియాలు ఆరబెట్టిన రోజున ఒక బంతి పోయి అందులో పడింది. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు వడియాలు మా గుమ్మం ముందు ఒక గిన్నెలో ఉన్నాయి, బంతి పడినవి.

ఆషాఢం గాలి వచ్చేసరికి, వందకి 80 దాకా చుట్టులో పడుతున్నవి మళ్లీ 40ల్లోకి పడిపోయాయి. హైదరాబాద్‌లో జూన్, జూలైలో ఆ పడమటి గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఆరేసిన దుప్పట్లు పక్కవీధిలో దొరుకుతాయి. అప్పుడు తెలిసింది, నేను బంతిని అవసరానికి మించి చాలా ఎత్తుకి ఎగరేస్తున్నానని. ఎత్తు తగ్గించాను. గాలిలో ఎంత తక్కువసేపు ఉంటే గాలి దాన్ని అంత తక్కువ తీసుకుపోతుంది. ఇది ఏ కోచ్ అయినా చెప్పేవాడే. నాకు ఆషాఢం చెప్పింది.

అయిదో నెలలో, నాలుగో నెల అని అతనన్నాడు గానీ నాకు అయిదు పట్టింది, ఒకరోజు బంతి నెట్‌కి బాగా పైనుంచి పోయి, చటుక్కున వంగి, పడి, ఆ పెద్దాయన భుజం ఎత్తుకి లేచింది. ఆయన రాకెట్ ఫ్రేమ్‌కి తగిలింది. ఆయన రాకెట్ చూసుకున్నాడు, బంతిని చూశాడు, "ఇంకోసారి కొట్టు" అన్నాడు. పాయింటు సంగతి మర్చిపోయి ఇద్దరం పది నిమిషాలు అదే ఆడుకున్నాం.

పెద్దవాళ్ల కథలు చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ ఒకటి రెండు చెప్పాలి. అమెరికా ఆటగాడు పీట్ సంప్రాస్ పేరు విన్నారుగా? చిన్నప్పుడు రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. పద్నాలుగేళ్లప్పుడు కోచ్ దాన్ని ఒంటిచేతికి మార్పించాడు. అంతకుముందు ఓడించిన పిల్లల చేతుల్లో ఓడిపోవడం మొదలైంది. ఏ తల్లిదండ్రులైనా ఏం చేస్తారు? కోచ్‌ని మార్చేస్తారు. 1990లో, పందొమ్మిదేళ్లకి, ఆ కుర్రాడు యూఎస్ ఓపెన్ గెలిచాడు. తర్వాత వింబుల్డన్ ఏడుసార్లు. ఇంకొకటి ఈమధ్యది. బెలారస్ క్రీడాకారిణి అరీనా సబలెంకా. 2022 జనవరిలో ఆవిడ ప్రపంచంలో రెండో ర్యాంకు. ఆ ర్యాంకులో ఉండి ఒకే మ్యాచ్‌లో ఇరవైకి పైగా డబుల్ ఫాల్టులు చేసింది. ఒక దశలో చెయ్యి కిందనుంచి సర్వ్ చేసింది, మనం పిల్లలకి బంతి అందించినట్టు. ప్రపంచమంతా చూస్తుండగా! ఆ ఏడాదే శరీర కదలికల నిపుణుణ్ని పెట్టుకుని సర్వ్ మొదటినుంచి సరిచేసుకుంది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. మనకి పక్కకోర్టు పెద్దాయన నవ్వితేనే టెన్షన్.

మన ఊరి సంగతి మాత్రం నేను చెప్పినదానికి కొంచెం అడ్డం వస్తుంది, దాచను. సానియా మీర్జా. 2005 ఫిబ్రవరిలో ఇక్కడే, హైదరాబాద్ ఓపెన్ ఫైనల్, మూడు సెట్లు. ఒక భారతీయ మహిళ డబ్ల్యూటీఏ, అంటే మహిళల టెన్నిస్ సంఘం, సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదలు. ఆ ఫోర్‌హ్యాండ్ గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. సర్వ్ గురించి కూడా మాట్లాడుకుంది, కానీ మెచ్చుకుంటూ కాదు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. గాయాలు, మణికట్టు ఆపరేషన్. 2013లో సింగిల్స్ ఆపేసింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, ఆ ఏడే మార్టినా హింగిస్‌తో వింబుల్డన్. అంటే ఏమిటి? లేనిదాన్ని పట్టుకు వేలాడకుండా, ఉన్న ఫోర్‌హ్యాండ్‌కీ రిటర్న్‌కీ ఎక్కడ విలువ ఎక్కువో అక్కడికి వెళ్లింది. అదీ ఒక దారే. మరి ఎవరు ఏ దారిలో వెళ్లాలి? నాకు తోచింది చెప్తాను. మీ ఫోర్‌హ్యాండ్ సానియా ఫోర్‌హ్యాండ్ లాంటిదైతే రెండో దారి. కాకపోతే మేడమీదకి వెళ్లి ముగ్గు గీయండి.

గోడ గురించి కొంచెం. మార్కర్ లేకపోయినా, పార్ట్‌నర్ రాకపోయినా గోడ ఉంటుంది. నెట్ ఎత్తులో, మూడడుగుల దగ్గర, ఒక గీత. దానికి ఇంకో రెండడుగుల పైన ఇంకో గీత. ఆ రెండిటి మధ్య కొట్టాలి. నెట్‌ని రాసుకుంటూ పోయే బంతి చూడ్డానికి బాగుంటుంది, కానీ మన స్థాయిలో ఎక్కువ పాయింట్లు పోయేది నెట్‌లోకే. గోడతో ఒక చిక్కుంది, అది మనిషికన్నా తొందరగా బంతి తిరిగి ఇస్తుంది, మనం కంగారులో రాకెట్ వెనక్కి తీయడం మానేస్తాం. అందుకని పాత బంతులు వాడండి. డబ్బా తెరిచాక కొద్ది వారాల్లోనే బంతి చచ్చిపోతుంది, లోపలి గాలి పోతుంది. తల ఎత్తునుంచి వదిలితే నడుము దాకా లేవాలి. లేవకపోతే మ్యాచ్‌కి పనికిరాదు, గోడకి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

కాళ్లు. దీనికి ఒక్కటే చెప్తాను. ఎదుటివాడి రాకెట్ బంతికి తగలబోయే క్షణంలో మీరు చిన్న గెంతు వెయ్యాలి, అరంగుళం చాలు, రెండు కాళ్లూ ఎడంగా దిగాలి. స్ప్లిట్ స్టెప్ అంటారు. మా వయసువాళ్లం బంతి వచ్చాక కదులుతాం, వెళ్లిపోయాక "అరే" అంటాం. ఆ గెంతు ఉంటే బంతి వచ్చేసరికి కాళ్లు లేచి ఉంటాయి. ఇది నేర్చుకోవడానికి ఆడక్కర్లేదు. పక్కన కూర్చుని వేరేవాళ్ల ఆట చూస్తూ ప్రతి దెబ్బకీ మడమ ఎత్తండి చాలు. చాయ్ తాగుతూ కూడా చెయ్యొచ్చు.

ఎటు కొట్టాలి అని ఎప్పుడూ అడుగుతారు. అనుమానమొస్తే మూలకి, అంటే క్రాస్‌కోర్ట్. మళ్లీ లెక్కే. తిన్నగా కొడితే కోర్టు 78 అడుగులు. సింగిల్స్ కోర్టు వెడల్పు 27. మూలనుంచి మూలకి ఎంత? పైథాగరస్. ఎనభై రెండున్నర. నాలుగున్నర అడుగులు ఉచితం. పైగా బంతి పోయేది నెట్ మధ్యనుంచి, అక్కడ ఆరంగుళాలు తక్కువ ఎత్తు. ఇన్ని రాయితీలు బోనాల సీజన్ డిస్కౌంట్లో కూడా ఇవ్వరు.

ఏమ్మా, మీరేదో అడుగుతున్నారు. మోచెయ్యి నొప్పా? బయటివైపా? ఊఁ. టెన్నిస్ ఎల్బో అంటారు గానీ టెన్నిస్ ఆడనివాళ్లకే ఎక్కువగా వస్తుంది. మీకు మాత్రం, నేను చూసినంతలో, బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా తగులుతోంది. బంతి పక్కకి వచ్చేశాక మణికట్టుతో లాగుతున్నారు, ఆ భారమంతా మోచేతి దగ్గరున్న నరం మీద... నరం కాదు, కండరాన్ని ఎముకకి కట్టే పోగు, దాని మీద పడుతుంది. రాకెట్‌కి గట్టింగ్, అంటే తీగలు, ఏం వేయించారు? పాలిస్టరా? ఎవరు చెప్పారు? అబ్బాయా. అబ్బాయికి బాగుంటుంది, పద్దెనిమిదేళ్లు. మనకి మెత్తనివి వేయించుకోవాలి, బిగుతు కూడా తగ్గించమనండి. చచ్చిన బంతులతో మ్యాచ్ ఆడకండి, వాటిని నెట్టడానికి చెయ్యి మరీ కష్టపడుతుంది. అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, నా మాట కాదు.

పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు కొందరున్నారు కదా. ఒక్క నిమిషం. ఏడెనిమిదేళ్ల పిల్లల్ని పసుపు బంతితో ఆడించకండి. అది వాళ్ల తల మీదకి లేస్తుంది, దాన్ని అందుకోడానికి పట్టు మార్చేసుకుంటారు, ఆ పట్టు పదిహేనేళ్లకి కూడా పోదు. నాకు నలభై తొమ్మిదికి గానీ పోలేదు. పిల్లల బంతులు మూడు రకాలు: ఎర్రబంతి మామూలు దానికన్నా 75 శాతం నెమ్మది, నారింజ 50, ఆకుపచ్చ 25. పదేళ్లలోపు పిల్లల పోటీలు మామూలు పసుపు బంతితో జరపకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమమే పెట్టింది. అయినా మన కోర్టులో ఒక నాన్నగారు "ఆ స్పాంజి బంతులేంటండీ, అసలు బంతితో ఆడించండి, ఫీజు కడుతున్నాం" అంటున్నారు. ఆయన ఇక్కడున్నారేమో తెలీదు. ఉంటే మంచిదే.

ఇంకో ప్రశ్న? చెప్పండి. "ఈ వయసులో ఎంతవరకు వస్తుంది?" మన రోహన్ బోపన్న 43 ఏళ్లకి 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు, నంబర్ వన్ అయ్యాడు, అందుకని మనకీ వస్తుంది అని చాలామంది అంటున్నారు. అతను చిన్నప్పటినుంచీ ఆడుతున్నాడండీ. మనం షుగర్ రిపోర్టు చూసి మొదలుపెట్టాం. ఎంతవరకు వస్తుందంటే నాకు తెలిసింది నా లెక్కే. సర్వ్‌కి అయిదు నెలలు. బ్యాక్‌హ్యాండ్‌కి ఏడాది, అందులో మూడు నెలలు చికున్‌గున్యా. వాలీ ఇప్పటికీ రాలేదు, నెట్ దగ్గరికి బంతి వస్తే నా పార్ట్‌నర్ "నాది" అని అరుస్తాడు, నేను సంతోషంగా వదిలేస్తాను. వారంలో ఆరు రోజులు ఆడేవాళ్లు రెండు రోజులు ఆట మానేసి ఒకే ఒక్క షాట్ మీద పనిచెయ్యండి. ఒకటే. రెండు పెట్టుకోవద్దు. ఆ రోజుల్లో స్కోరు లెక్కపెట్టద్దు. మిగతా నాలుగు రోజులు హాయిగా ఆడుకోండి, బ్యాక్‌హ్యాండ్ చుట్టూ ప్రదక్షిణాలు కూడా చేసుకోండి, నేనేమీ అనను.

ఆ మార్కర్ ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు, పొలం చూసుకుంటున్నాడు. పోయిన సంక్రాంతికి ఫోన్ చేశాడు. సర్వ్ ఎట్లుంది సార్ అన్నాడు. బాగుంది, వాలీ రావట్లేదు అన్నాను. అవతల నవ్వు. "వాలీకి ఆరు నెలలు సార్" అన్నాడు. ఈ ఆషాఢం అయ్యాక మొదలుపెడదామనుకుంటున్నాను.

టైమెంతయింది? ఎనిమిదా? ఎండెక్కకముందే కిందకి పోదాం. నా కారులో రెండు పెయింటు బకెట్ల నిండా పాత బంతులున్నాయి, ఎవరైనా ఒకరు ఒక బకెట్ పట్టుకోండి. గోళ్లరంగు కూడా తెచ్చాను.